లువార్ లోయ షాతోలు: ఏది చూడాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ దిగాలి

ఫ్రాన్స్ వెళ్తున్నామనగానే ఐఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం ఎలాగూ లిస్టులో ఉంటాయి. రెండు మూడు రోజులు మిగిలితే “కోటలు కూడా చూసొద్దాం” అనుకుంటారు. తికమక అక్కడే మొదలవుతుంది.

మనకి కోట అనగానే గోల్కొండ గుర్తొస్తుంది. బురుజులు, ఫిరంగులు, ఆయాసపడుతూ ఎక్కితే బాలాహిస్సార్. ఫ్రెంచివాళ్ళ ‘షాతో’ అన్న మాటకి అలాంటి హద్దు లేదు. యుద్ధాల కోసం కట్టిన దుర్గమూ షాతోనే, రాజు వేటకొచ్చినప్పుడు దిగే మహలూ షాతోనే, ఊరి దొరగారి గడీ లాంటిదీ షాతోనే. బోర్దో వైపు ద్రాక్షతోటల మధ్య ఉండే మామూలు పెద్దింటిని కూడా షాతో అనే అంటారు. మా అమ్మని మొదటిసారి లువార్ లోయకి తీసుకెళ్ళినప్పుడు పందిరి మంచాలు, గోడల మీద వేలాడే బొమ్మల తివాచీలు, పెద్ద పెద్ద పొయ్యిలు అన్నీ ఓపిగ్గా చూసింది. బయటికొచ్చాక “బానే ఉంది గానీ, కోట ఎప్పుడు చూపిస్తావు?” అని అడిగింది.

తప్పు నాదే. కోట కావాలా, మహలు కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. మిగతావన్నీ దాని వెనకే తేలతాయి.

పారిస్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి రావాలంటే

చేతిలో ఒక్క రోజే ఉంటే దూరం పోకండి. వెర్సాయ్ చూడొద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కాకపోతే అద్దాల హాల్లో జనం మధ్య ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తుంటే తిరుమల క్యూ కాంప్లెక్స్ గుర్తొస్తుంది. సోమవారం సెలవు. లూవ్ర్‌కి మంగళవారం సెలవు కాబట్టి ఆ రోజు జనం ఇటు మళ్ళుతారు. అందుకే ఆ రెండు రోజులూ వదిలేసి వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ మహలుని ఇంతటిది చేసిన పద్నాలుగో లూయీ దగ్గర ఉన్న పెద్ద నీలి వజ్రం, తావెర్నియే అనే వర్తకుడు మన దేశం నుంచి పట్టుకెళ్ళినదే. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు.

నన్నడిగితే వెర్సాయ్ కంటే వో ల వికోంత్ బాగుంటుంది. రాజుగారి ఖజానా చూసే మంత్రి ఫుకే కట్టించుకున్న మహలు అది. 1661 ఆగస్టు 17న ఆయన అక్కడ రాజుకి విందు ఇచ్చాడు. నాటకం, బాణసంచా, వెండి పళ్ళేలు, దేనికీ లోటు లేదు. రాజుకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. తన మంత్రి తనకంటే దర్జాగా బతుకుతున్నాడని కళ్ళారా చూశాడు. మూడు వారాలు తిరక్కుండానే ఫుకే అరెస్టయ్యాడు, మళ్ళీ బయటి ప్రపంచం చూడలేదు. ఆ మహలు కట్టిన ముగ్గురినీ, అంటే వాస్తుశిల్పి ల వో, చిత్రకారుడు ల బ్రన్, తోటలు వేసిన ల నోత్ర్‌ని, రాజు వెర్సాయ్ పనికి పెట్టుకున్నాడు. అంటే వెర్సాయ్‌కి నమూనా ఇదే, జనం మాత్రం అందులో పదోవంతు కూడా ఉండరు. ఒక్కటే ఇబ్బంది, రైలు దిగాక ఇంకా కొంత దూరం ఉంటుంది. షటిల్ బస్సు ఏ రోజుల్లో నడుస్తుందో చూసుకుని కదలాలి.

అడవిలో నడక కూడా కావాలనుకునేవాళ్ళకి ఫాంతెన్‌బ్లో. గార్ ద లియోన్ స్టేషన్ నుంచి నలభై నిమిషాలు. 1814లో నెపోలియన్ తన సైనికులకి వీడ్కోలు చెప్పింది ఆ ముంగిట్లోని గుర్రపునాడా మెట్ల దగ్గరే. మంగళవారం మూసేస్తారు. గుర్రాలూ పాత చిత్రాలూ ఇష్టమైతే షాంతియీ వెళ్ళండి. అదీ మంగళవారం సెలవే.

వీటన్నిటికీ ఒక లోటుంది. మహలు దొరుకుతుంది, పల్లె దొరకదు. నది ఒడ్డున సైకిలు, ఊరి సంత, గుహలో భోజనం కావాలంటే కనీసం రెండు రాత్రులు బయట పడుకోవాలి.

లువార్ వైపా, దోర్దోన్ వైపా

లువార్ ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పొడవైన నది, వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. వేసవిలో చూస్తే గోదావరి గుర్తొస్తుంది. మధ్యలో ఇసుక తిన్నెలు, లంకలు, వాటి మీద పక్షులు, లోతులేని నీటిలో అడుగు చదునుగా ఉండే పడవలు. వందేళ్ళ యుద్ధంలో పారిస్ ఇంగ్లిష్ వాళ్ళ చేతిలోకి పోయినప్పుడు ఫ్రాన్స్ రాజులు ఈ వైపు వచ్చి తలదాచుకున్నారు. యుద్ధం ముగిశాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఆ తర్వాత ఇటలీ మీదికి దండెత్తి వెళ్ళి, అక్కడి భవనాలు చూసి మనసు పారేసుకుని, పనివాళ్ళని వెంటబెట్టుకొచ్చారు. కాబట్టి ఇక్కడ కనిపించేవాటిలో ఎక్కువ భాగం యుద్ధం అవసరం తీరిపోయాక సరదాకి కట్టినవి. బురుజులుంటాయి, అవి అలంకారానికి. సుల్లీ నుంచి షలోన్ వరకు ఉన్న లోయను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అసలైన కోట కావాలంటే నైరుతిన దోర్దోన్ నది వైపు వెళ్ళాలి. బేనాక్, కాస్తెల్నో కోటలు నదికి చెరో ఒడ్డున కొండల మీద ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి. వందేళ్ళ యుద్ధంలో ఒకటి ఫ్రెంచి పక్షం, ఒకటి ఎక్కువ కాలం ఇంగ్లిష్ పక్షం. కాస్తెల్నోలో రాళ్ళు విసిరే పెద్ద యంత్రాలు, కత్తులు, కవచాలతో మధ్యయుగ యుద్ధాల మ్యూజియం ఉంది. పిల్లలు అక్కణ్ణించి కదలరు. అదే ప్రాంతంలో లాస్కో గుహలోని ఆదిమానవుల చిత్రాల నకలు ఉంది. అసలు గుహని 1963లోనే జనానికి మూసేశారు, 2016లో తెరిచిన నకలు మాత్రం నమ్మలేనంత బాగా చేశారు. సార్లా ఊళ్ళో శనివారం సంత. ఇంత చెప్పాక అసలు మాట: కారు లేకుండా దోర్దోన్ వద్దు. పారిస్ నుంచి వెళ్ళడానికే దాదాపు ఒక పగలు పోతుంది. నాలుగు రోజులకి తక్కువైతే ఆ ఆలోచన పక్కన పెట్టండి.

ఇంకా దక్షిణాన కార్కసోన్ ఉంది. యాభై రెండు బురుజుల కోట ఊరు, దూరం నుంచి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. లోపలికెళ్తే ప్లాస్టిక్ కత్తుల దుకాణాలు. బార్సిలోనా వైపు వెళ్తుంటే దారిలో ఆగండి, అంతే.

కోటా చూడాలి, కారూ వద్దు, రోజులూ లేవు అనేవాళ్ళకి లువార్ వైపే రెండు దారులున్నాయి. ఒకటి ఆంజే. పారిస్ నుంచి వేగం రైల్లో గంటన్నర. పదిహేడు గుండ్రటి బురుజులు, నలుపు తెలుపు రాతి చారలు, లోపల పద్నాలుగో శతాబ్దపు అపోకలిప్స్ తివాచీ, అంటే బైబిల్లోని లోకాంతం కథ బొమ్మలున్నది. అది వంద మీటర్ల పొడవు మిగిలింది. రెండోది షినోన్. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ వచ్చి, ఇంకా పట్టాభిషేకం కాని రాజుని కలిసింది ఈ కోటలోనే. రెండోసారి మా అమ్మని అక్కడికే తీసుకెళ్ళాను. గోడ మీద నుంచి కింద నదినీ, ఊరి పెంకులనీ చూసి “ఇదీ కోటంటే” అంది.

షాంబోరా, షెనొన్సోనా

లువార్ వెళ్ళే ప్రతివాళ్ళూ చివరికి ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. రెండూ ఒకే రోజు చూసినవాళ్ళని అడిగితే రెండోది ఏదైనా సరే, అది సరిగ్గా గుర్తులేదంటారు.

షాంబోర్ అంటే పరిమాణం. మొదటి ఫ్రాన్స్వా రాజు 1519లో మొదలెట్టించాడు. నాలుగు వందలకి పైగా గదులు, 282 పొయ్యిలు, చుట్టూ 5,440 హెక్టార్ల వనం, దాని చుట్టూ 32 కిలోమీటర్ల గోడ. ఇంత కట్టించిన రాజు తన ముప్పై రెండేళ్ళ పాలనలో అక్కడ గడిపింది మొత్తం కలిపితే డెబ్బై రోజుల పైచిలుకు మాత్రమే. మిగతా కాలం ఖాళీ. అప్పట్లో రాజు ఎక్కడికెళ్తే మంచాలు, తివాచీలు, గిన్నెలు బండ్లమీద వెంట వెళ్ళేవి, మళ్ళీ తిరిగి వచ్చేవి. అందుకే ఇప్పుడు కూడా చాలా గదులు బోసిగా ఉంటాయి. “ఇంతేనా” అని కొందరు అనుకునేది అందుకే.

అక్కడ చూడాల్సింది గదులు కాదు, మధ్యలో ఉన్న మెట్లు. రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి వెళ్తాయి. ఒకరు ఒక వరసలో ఎక్కుతూ, మరొకరు రెండో వరసలో దిగుతూ కిటికీల్లోంచి ఒకరినొకరు చూసుకోవచ్చు, ఎదురుపడరు. లియొనార్దో దా విన్చీ ఊహే దీనికి మూలమంటారు. ఆయన కాగితాల మీద ఇలాంటి మెట్ల బొమ్మలున్నాయి గానీ, ఆయన 1519 మే నెలలో చనిపోయాడు, కట్టడం మొదలైంది ఆ ఏడాదే. పైకి ఎక్కితే డాబా మీద గోపురాలు, పొగగొట్టాలు కలిసి ఒక చిన్న ఊరిలా ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చినప్పుడు లూవ్ర్ నుంచి తరలించిన బొమ్మలు దాచింది కూడా ఇక్కడే, మోనాలిసా సహా.

షెనొన్సో అంటే కథ. షెర్ నది మీద వంతెనలా నిలబడిన మహలు. రెండో హెన్రీ రాజు దీన్ని తనకంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్దదైన ప్రియురాలు దియాన్‌కి ఇచ్చాడు. నది మీదికి వంతెన కట్టించింది ఆవిడే. 1559లో గుర్రం మీద బల్లేల పోటీలో దెబ్బ తగిలి రాజు పోయాడు. అన్నాళ్ళూ ఊరుకున్న రాణి కాతరీన్ మొదట చేసిన పనుల్లో ఒకటి, దియాన్‌ని షెనొన్సో నుంచి పంపేసి బదులుగా షోమోన్ మహలు అంటగట్టడం. ఆ తర్వాత దియాన్ కట్టించిన ఆ వంతెన మీదే కాతరీన్ అరవై మీటర్ల గ్యాలరీ కట్టించింది. సవతి వేసిన పునాది మీద తన నాట్యశాల. ఇప్పటికీ ముందు తోటలు రెండు, ఒకటి దియాన్‌ది, ఒకటి కాతరీన్‌ది. పెద్దది దియాన్‌దే, అది చూసి నేను నవ్వుకోకుండా ఉండలేను. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ గ్యాలరీ రెండు వేల పైగా గాయపడ్డ సైనికులకి ఆసుపత్రి అయింది. రెండో యుద్ధంలో షెర్ నదే జర్మన్ల ఆక్రమణకి సరిహద్దు. గ్యాలరీ ఒక గుమ్మం ఆక్రమిత ప్రాంతం వైపు, రెండో గుమ్మం అవతలి వైపు.

గదులన్నీ సామానుతో నిండుగా ఉంటాయి, ప్రతి గదిలో తాజా పూల అమరిక. వంటగదులు వంతెన కాళ్ళలో ఉన్నాయి, సరుకు పడవలో నేరుగా అక్కడికే దిగేది.

ఒక్కటే చూడగలిగితే షెనొన్సో. అందులో నాకు అనుమానం లేదు. పెద్దవాళ్ళతో వెళ్తే మరీను, షాంబోర్‌లో మెట్లు ఎక్కకపోతే వెళ్ళిన ఫలితం దక్కదు. టూర్ (Tours) అనే ఊరి నుంచి లోకల్ రైలు అరగంటలో దింపుతుంది, ప్లాట్‌ఫామ్ నుంచి గేటు నడకే. (ఊరి పేరు చివర ఒక అక్షరం ఎక్కువ రాస్తారు, పలకడం ఒకటే. టికెట్ కొనేటప్పుడు కంగారు పడకండి.) షాంబోర్ ఎవరికంటే, ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ పిల్లలున్నవాళ్ళకి, వనంలో సైకిలు తొక్కాలనుకునేవాళ్ళకి, సెప్టెంబరు చివర దుప్పుల అరుపులు వినాలని తెల్లవారుజామున లేవగలిగేవాళ్ళకి. ఇంకో మాట, 2026 నుంచి షాంబోర్, వెర్సాయ్, లూవ్ర్‌లలో యూరప్ బయటి దేశాలవాళ్ళకి టికెట్ ధర ఎక్కువ. కుటుంబంతో వెళ్తే లెక్కలో తేడా బాగా తెలుస్తుంది.

చిన్నవాటిలో

పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. రోజుకి అంతకంటే పెట్టుకుంటే సాయంత్రానికి అన్ని మంచాలూ ఒకేలా కనిపిస్తాయి.

విలాండ్రీకి మహలు కోసం కాదు, తోట కోసం వెళ్ళాలి. 1906లో కార్వాయో అనే స్పానిష్ డాక్టరు, ఆయన అమెరికన్ భార్య దీన్ని కొని, తర్వాతి కాలంలో వేసిన పార్కు తీసేసి పాత పద్ధతి తోటలు మళ్ళీ నిలబెట్టారు. తొమ్మిది చతురస్రాల కూరగాయల తోట ఉంటుంది. క్యాబేజీ, బీట్‌రూట్, గుమ్మడి, ఉల్లి రంగురంగులుగా గళ్ళలో. పై నుంచి చూస్తే ఎవరో కూరగాయలతో సంక్రాంతి ముగ్గు వేసినట్టుంటుంది. ఇంట్లో మొక్కలు పెంచేవాళ్ళని ఇక్కడికి తీసుకొస్తే గంటల తరబడి దొరకరు. శీతాకాలంలో మాత్రం మట్టే ఎక్కువ.

అజే ల రిదో చిన్నది, నీళ్ళలో నీడ పడే తెల్ల మహలు, గంటన్నరలో అయిపోతుంది. చుట్టూ పారే నది పేరు (Indre) ఫ్రెంచివాళ్ళు పలుకుతుంటే దాదాపు మన ‘ఆంధ్ర’ లాగే వినిపిస్తుంది. విలాండ్రీ నుంచి పది కిలోమీటర్ల పైచిలుకు, రెండూ ఒక పూటలో కుదురుతాయి.

ఆంబ్వాజ్‌లో రాజుగారి షాతోకీ, క్లో లూసేకీ మధ్య ఒకటే ఎంచుకోవాలంటే పిల్లలుంటే క్లో లూసే. లియొనార్దో ఆఖరి మూడేళ్ళు గడిపిన ఇల్లు అది, తోటలో ఆయన గీసిన యంత్రాలని తయారుచేసి పెట్టారు, తిప్పి చూడొచ్చు. రాజుగారి షాతోలో ఆయన సమాధి, నది మీదికి చక్కటి దృశ్యం ఉన్నాయి. ఎనిమిదో చార్లెస్ రాజు 1498లో తలుపు పైకమ్మి తలకి కొట్టుకుని చనిపోయింది కూడా ఇక్కడే. పొడుగ్గా ఉన్నవాళ్ళు తల వంచి నడవండి.

షెవెర్నీలో సామాను అద్భుతం, వంద దాకా వేట కుక్కలుంటాయి. టిన్‌టిన్ కామిక్స్‌లో కెప్టెన్ హాడక్ భవంతికి నమూనా ఈ మహలే. బ్ల్వా షాతోలో నాలుగు కాలాల కట్టడాలు ఒకే ముంగిటి చుట్టూ నిలబడి ఉంటాయి. వేసవి రాత్రుల్లో గోడల మీద వెలుగుల ప్రదర్శన చూడాలంటే అక్కడే బస చేయాలి. షోమోన్‌కి ఉద్యానవనాల పండుగ జరిగే నెలల్లో వెళ్ళండి, మిగతా నెలల్లో వదిలేసినా నష్టం లేదు. ఉస్సేకి నిద్రపోయే రాకుమారి కథకి స్ఫూర్తి ఇదేనన్న పేరుంది. చిన్న పాపాయిలుంటే తప్ప నేను వెళ్ళను.

ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి

కారు లేకపోతే టూర్ ఊళ్ళో దిగండి. అన్ని వైపులకీ రైళ్ళు అక్కణ్ణించే. పారిస్ మోంపర్నాస్ నుంచి గంటా పావు. చాలా బళ్ళు టూర్ ఊళ్ళోకి రావు, పక్కనున్న సేన్ ప్యేర్ దే కోర్ స్టేషన్‌లో దింపేస్తాయి. అక్కణ్ణించి ఇంకో బండి మారితే అయిదు నిమిషాలు. కునుకు తీస్తూ స్టేషన్ దాటించుకున్నవాళ్ళు నాకు తెలుసు, నాతో కలిపి.

పల్లె వాతావరణం కావాలంటే ఆంబ్వాజ్. ఊరంతా కాలినడకన తిరగొచ్చు, ఆదివారం పొద్దున నది ఒడ్డున సంత. షాంబోర్, షెవెర్నీ మీదే మనసుంటే బ్ల్వా. ఏప్రిల్ నుంచి శరత్కాలం దాకా స్టేషన్ దగ్గర నుంచి షాతోలకి షటిల్ బస్సు ఉంటుంది. మిగతా నెలల్లో టాక్సీ.

కారు తీసుకుంటే హోటలు కంటే పల్లెలో ‘జీత్’ అనే అద్దె ఇల్లు నయం. వంటగది ఉంటుంది, బియ్యం వండుకోవచ్చు. ఇండియా లైసెన్సుకి తోడు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ పెట్టుకోండి. అద్దె కార్లలో గేర్లవే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలని బుక్ చేసేటప్పుడే చెప్పాలి. ఊరి పేరు బోర్డు కనిపించిందంటే స్పీడు 50కి దించాలని అర్థం, వేరే బోర్డు పెట్టరు.

సైకిలు మాత్రం ఒక పూటైనా తొక్కండి. లువార్ వెంబడి దాదాపు 900 కిలోమీటర్ల సైకిలు దారి ఉంది. అందులో టూర్ నుంచి విలాండ్రీ ఇరవై కిలోమీటర్లే, షెర్ నది పక్కన ఎత్తుపల్లాలు లేని దారి. అలవాటు లేకపోతే బ్యాటరీ సైకిలు అద్దెకిస్తారు. పక్కన కనిపించే తెల్లటి కొండల్లో తలుపులు, కిటికీలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అవి ఇళ్ళు. మహళ్ళకి రాయి తవ్వగా మిగిలిన గుహల్లో జనం కాపురాలు పెట్టారు, పుట్టగొడుగులు పెంచారు, వైను పీపాలు దాచారు.

అలాంటి గుహ భోజనశాలల్లో ‘ఫువే’ అని ఒక రొట్టె దొరుకుతుంది. కట్టెల పొయ్యిలో పుల్కాలా పొంగుతుంది, చీల్చి లోపల తెల్ల చిక్కుళ్ళు, పుట్టగొడుగులు, మేక పాల చీజ్ పెట్టుకుని తింటారు. శాకాహారులకి ఈ లోయలో ఇంతకంటే మంచి భోజనం లేదు. రియెత్ అని పక్కన పెట్టేది మాత్రం పంది మాంసం. గుడ్లతో చేసే కీష్‌లో కూడా మాంసం ముక్కలు కలుపుతారు, అడిగి తినండి. మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి రెండు లోపే. రెండున్నరకి వెళ్ళి తలుపు కొడితే జాలిగా చూస్తారు, అన్నం పెట్టరు.

ఆదివారం పల్లె బస్సులు చాలావరకు ఉండవు, లోకల్ రైళ్ళు కూడా తక్కువ. షెనొన్సో చిన్న స్టేషన్‌లో ఒక ఆదివారం మా బండి కళ్ళముందే వెళ్ళిపోయింది, తర్వాతి దాని కోసం మూడు గంటలు కూర్చున్నాం. వెళ్ళే బండి కంటే తిరిగొచ్చే బండి టైము ముందు రాసిపెట్టుకోండి.